ఇంటర్ లైబ్రరీ లోన్ పని నేర్చుకోవడం ఎలా? విజయవాడ, గుంటూరు లైబ్రేరియన్లకు సమగ్ర మార్గదర్శి

2025 జనవరి 1 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అమల్లోకి వచ్చింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 ఈ-జర్నల్స్‌ను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించే పథకం ఇది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు కేంద్రం 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. అప్పటినుంచి కాలేజీ స్టాఫ్‌రూముల్లో ఒక మాట వినిపిస్తోంది: “అన్నీ ఆన్‌లైన్‌లో వచ్చేశాక వేరే లైబ్రరీని అడిగి తెప్పించే పని ఇంకేముంటుంది?”

ఉంటుంది. ఆ పథకం ప్రస్తుతం ప్రభుత్వ సంస్థలకే. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉన్న కాలేజీల్లో ఎక్కువ ప్రైవేటువి. పథకం వర్తించే చోట కూడా వచ్చేవి జర్నల్స్. అచ్చు పుస్తకాలు, వందేళ్ల నాటి తెలుగు పత్రికలు, ఏ వెబ్‌సైట్లోనూ లేని సెమినార్ వ్యాసాలు అందులో రావు. సులువుగా దొరికేవాటికి విద్యార్థి ఇక మన కౌంటర్ దాకా రాడు. కష్టమైనవి మాత్రమే మన దగ్గరికి వస్తాయి. అందుకే ఇలా వేరే లైబ్రరీ నుంచి తెప్పించి ఇచ్చే ఇంటర్ లైబ్రరీ లోన్ (ఐఎల్‌ఎల్) పని చేసే లైబ్రేరియన్‌కి ఇదివరకటి కంటే ఎక్కువ పనితనం కావాలి. ఆ పనితనం సర్టిఫికెట్ కోర్సులతో కొంత వస్తుంది. ఒక్కో రిక్వెస్టునూ చివరిదాకా వెంటపడి చూడటంతో చాలా ఎక్కువ వస్తుంది. ఈ మార్గదర్శిని ఆ నమ్మకంతోనే రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, ఒక్కరే మొత్తం లైబ్రరీని నడిపిస్తున్నవారు వరుసగా చేసుకుంటూ పోవచ్చు.

1. ముందు మీ చేతిలో ఏముందో చూసుకోండి

ఒక తెల్ల కాగితం మీద మీ సంస్థకు ఉన్న సభ్యత్వాలన్నీ రాయండి. డెల్‌నెట్ సభ్యత్వం ఉందా? కాలేజీలకు ఈ-జర్నల్స్, ఈ-పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్ ఉందా? వైద్య కళాశాల అయితే డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నడిపే ఎన్టీఆర్ మెడ్‌నెట్ కన్సార్షియం (ఉమ్మడి చందా ఏర్పాటు) ఉందా? వ్యవసాయ రంగమైతే భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వాళ్ల ఈ-జర్నల్స్ కన్సార్షియం సెరా ఉందా? ‘వన్ నేషన్’ మీకు వర్తిస్తుందా? ఒక్కోదాని పక్కన మూడు విషయాలు ఉండాలి: గడువు ఎప్పుడు ముగుస్తుంది, లాగిన్ ఎవరి పేరు మీద ఉంది, అందులో డాక్యుమెంట్ డెలివరీ (అడిగిన వ్యాసం ప్రతిని పంపే) సౌకర్యం ఉందా లేదా.

రెండోదే చాలాచోట్ల తలనొప్పి. పాస్‌వర్డు పాత లైబ్రేరియన్ సొంత మెయిల్‌కి ముడిపడి ఉంటుంది, ఆయన ఎప్పుడో రిటైరై ఉంటారు. ప్రిన్సిపాల్ గారితో లెటర్ రాయించి లాగిన్‌ను లైబ్రరీ పేరుతో ఉన్న మెయిల్‌కి మార్పించుకోండి. మిగతా పనులన్నీ దీని తర్వాతే.

డెల్‌నెట్ గురించి రెండు మాటలు. 1988లో ఢిల్లీలోని ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్‌లో ఢిల్లీ లైబ్రరీల నెట్‌వర్క్‌గా మొదలై, తర్వాత దేశమంతటికీ విస్తరించింది. ఇప్పుడు జేఎన్‌యూ ప్రాంగణం నుంచి నడుస్తోంది. సభ్య లైబ్రరీల పుస్తకాలను ఒకేచోట వెతికి, అక్కడినుంచే అడగవచ్చు. మన దగ్గర చాలా ఇంజినీరింగ్ కాలేజీలు తనిఖీల కోసం దీని చందా కట్టి, ఒక్క రిక్వెస్టు కూడా పెట్టకుండానే ఏడాది గడిపేస్తాయి. చందా కట్టి ఉంటే ఈ వారమే ఒకటి పెట్టి చూడండి.

2. రిక్వెస్టును చదవడం నేర్చుకోండి

అసలు పనితనం ఇక్కడే ఉంది. మన దగ్గరికి వచ్చే చీటీల్లో చాలావాటిలో ఏదో ఒక లోపం ఉంటుంది. సంపుటం నంబరు ఉండదు, పేజీలు ఉండవు, లేదంటే రచయిత ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది. ఆ లోపంతోనే ముందుకు పంపితే అవతలివాళ్లు వెతికి, దొరక్క, ‘లేదు’ అని రాసేస్తారు. పుస్తకం వాళ్ల షెల్ఫులోనే ఉన్నా మనకు రాదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. గుంటూరులో తెలుగు పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి 1930ల నాటి ఒక సాహిత్య మాసపత్రికలోని వ్యాసం కావాలంది అనుకోండి. చీటీలో ‘1936, పుష్యమాసం’ అని ఉంది. మీరు 1936 బౌండ్ వాల్యూమ్ ఉన్న లైబ్రరీని పట్టుకున్నారు. వాళ్లు పేజీలన్నీ తిరగేసి, ఆ వ్యాసం లేదన్నారు. ఏం జరిగి ఉంటుంది?

ఆ కాలపు తెలుగు పత్రికల్లో చాలావాటి మీద తెలుగు సంవత్సరం, మాసం ఉండేవి. ఆ అమ్మాయి చూసిన పుస్తకంలో ‘ధాతు సం. పుష్యము’ అని ఉంది. ధాతు అంటే 1936 కాబట్టి ఆమె అదే రాసుకుంది. కానీ ధాతు నామ సంవత్సరం 1936 ఉగాది నుంచి 1937 ఉగాది వరకు నడిచింది. పుష్యం వచ్చేది సంక్రాంతి రోజుల్లో. అంటే ఆ సంచిక 1937 జనవరి, ఫిబ్రవరి నెలలది. వెతకాల్సింది 1937 వాల్యూమ్. చైత్రం నుంచి మార్గశిరం దాకా సాధారణంగా ఇంగ్లీషు సంవత్సరం మారదు. పుష్యం, మాఘం, ఫాల్గుణం దగ్గరే ఈ పొరపాటు జరుగుతుంది. పైగా ఇదే ధాతు 60 ఏళ్ల తర్వాత 1996-97లో మళ్లీ వచ్చింది. 1867, 1927, 1987 ఉగాదులకు ప్రభవ మొదలైందని గుర్తుపెట్టుకుని, 60 సంవత్సరాల పట్టికను కౌంటర్ దగ్గర అతికించుకోండి. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ మన కోసం సరిచూసి పెట్టదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత పత్రికల్ని బైండింగ్ చేయించేటప్పుడు అట్టలు, ప్రకటనల పేజీలు తీసేసేవారు. తేదీ అట్ట మీదే ఉంటే దాంతోపాటే పోయింది. అలాంటప్పుడు సంపుటం, సంచిక నంబర్లే ఆధారం. అందుకే తేదీతో పాటు అవి కూడా తప్పనిసరిగా అడగండి.

చీటీ తీసుకునేటప్పుడు పాఠకుణ్ని కూర్చోబెట్టి మాట్లాడండి. ఈ వివరం ఎక్కడ చూశారు? పుస్తకం మొత్తం కావాలా, ఒక అధ్యాయం చాలా? స్కాన్ ఇస్తే సరిపోతుందా? ఎప్పటిలోపు కావాలి? మొదటి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. ఆ ఆధారం ఫోటో తీసి పంపమంటే సగం లోపాలు అక్కడే తేలిపోతాయి.

ఈ మధ్య ఇంకో రకం రిక్వెస్టులు వస్తున్నాయి. కృత్రిమ మేధ చాట్‌బాట్లు ఇచ్చిన రిఫరెన్సులు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. రచయిత పేరు నిజమైనదే, జర్నల్ పేరు నిజమైనదే. ఆ వ్యాసాన్ని మాత్రం ఎవరూ రాయలేదు. ప్రపంచంలో చాలా లైబ్రరీలకు ఇప్పుడిది రోజువారీ పని అయింది. తనిఖీ ఇలా చేయండి. డీఓఐ నంబరు (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు) ఉంటే డీఓఐ డాట్ ఆర్గ్ తర్వాత దాన్ని టైప్ చేసి ఏం తెరుచుకుంటుందో చూడండి. వేరే వ్యాసం తెరుచుకుంటే అనుమానించాల్సిందే. తర్వాత డీఓఐలను నమోదు చేసే క్రాస్‌రెఫ్ సైట్లో శీర్షికతో వెతకండి. ఆ జర్నల్ సైట్లోకి వెళ్లి ఆ సంపుటం విషయసూచిక తెరిచి, ఆ పేజీ నంబర్లలో ఏ వ్యాసం ఉందో చూడండి. మూడు చోట్లా కనపడకపోతే అది లేనట్టే లెక్క. విద్యార్థికి ఆ మాట నలుగురిలో చెప్పకండి. పక్కకు పిలిచి, మీరు తనిఖీ చేసిన పద్ధతి చూపించి, అదే విషయం మీద నిజంగా ఉన్న వ్యాసాలు వెతికి ఇవ్వండి. అలా చేస్తే ఆ కుర్రాడు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

3. అడగబోయే ముందు వెతకండి

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, అడిగిన పుస్తకం మన షెల్ఫులోనే వేరే కాల్ నంబరు కింద ఉండవచ్చు. ముందు మన ఓపాక్ (ఆన్‌లైన్ కేటలాగు), యాక్సెషన్ రిజిస్టర్ (కొన్న పుస్తకాల పట్టీ) చూడండి. తర్వాత చట్టబద్ధంగా ఉచితంగా దొరికే చోట్లు. థీసిస్ అయితే విశ్వవిద్యాలయ లైబ్రరీలను కలిపే కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల శోధ్‌గంగ. పాత తెలుగు పుస్తకమైతే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. పాత పత్రికలకు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్ ఉంది. ఇవి కాక ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ ఉంది. ఇంగ్లీషు జర్నల్ వ్యాసమైతే అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి, చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. రచయితకే మెయిల్ రాయడం కూడా మంచి మార్గం, చాలామంది సంతోషంగా పంపుతారు.

ఇవన్నీ అయ్యాక యూనియన్ కేటలాగులు, అంటే చాలా లైబ్రరీల పుస్తకాలను ఒకేచోట చూపే జాబితాలు. డెల్‌నెట్‌ది, విశ్వవిద్యాలయాల కోసం ఇండ్‌క్యాట్, ప్రపంచం మొత్తానికి వరల్డ్‌క్యాట్. తెలుగు పుస్తకాల దగ్గర ఇక్కడే తలప్రాణం తోకకొస్తుంది. కేటలాగుల్లో తెలుగు పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ‘గ్రంథాలయం’లోని ‘థ’కు ఒకరు టీహెచ్ రాస్తారు, మన కోస్తా అలవాటు ప్రకారం ఇంకొకరు డీహెచ్ రాస్తారు. చివర ‘ము’ పెట్టేవారు, ‘ం’ పెట్టేవారు. దీర్ఘాలకు రెండు ‘ఏ’లు పెట్టేవారు, ఒకటితో సరిపెట్టేవారు. అమెరికా లైబ్రరీలు మాత్రం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతి పాటిస్తాయి. అందుకని శీర్షిక మొత్తం కొట్టకుండా, అనుమానం లేని ఒక్క పదంతో, దానికి రచయిత ఇంటిపేరు కలిపి వెతకండి. ఇంటిపేరు ముందు, వెనక రెండు రకాలుగా ప్రయత్నించండి. దొరికిన ప్రతి స్పెల్లింగునూ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, రెండోసారి గంటల పని నిమిషాల్లో అవుతుంది.

అమెరికాలో తెలుగు పుస్తకాలా అని ఆశ్చర్యపోకండి. పీఎల్-480 అనే ఏర్పాటు కింద 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు అక్కడి విశ్వవిద్యాలయ లైబ్రరీలకు చేరాయి. ఇక్కడ మూలన పడి చెదలు తిన్న పుస్తకం అక్కడ భద్రంగా ఉండే అవకాశం ఉంది. ఒక అధ్యాయం స్కాన్ కావాలని మర్యాదగా, పూర్తి వివరాలతో మెయిల్ రాస్తే సాయం చేసే లైబ్రేరియన్లు అక్కడ ఉన్నారు.

అంత దూరం పోయే ముందు మాత్రం మన చుట్టూ చూడండి. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఆవరణలోని అన్నమయ్య గ్రంథాలయం, విజయవాడలో 1911 నాటి రామమోహన గ్రంథాలయం, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం. పాత తెలుగు పత్రికలకు సారస్వత నికేతనం పేరు పరిశోధకులందరికీ తెలుసు. ఇలాంటి చోట్ల పాతవాటిని బయటికి ఇవ్వమని అడగడం సబబు కాదు. ముందు ఫోన్ చేసి, ఏ సంపుటం కావాలో చెప్పి, అది ఉందని తేల్చుకుని, పాఠకుణ్ని ఒక పరిచయ లేఖతో అక్కడికే పంపండి. అదీ ఇంటర్ లైబ్రరీ సేవే.

4. కాపీరైట్: ఏది సరే, ఏది కాదు

భయపడి ఏదీ ఇవ్వకపోవడం, భయం లేకుండా పుస్తకం మొత్తం స్కాన్ చేసి వాట్సాప్‌లో పెట్టడం, రెండూ చూస్తుంటాం. భారత కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్ ఒకసారి స్వయంగా చదవండి, ఎక్కువ సమయం పట్టదు. 52(1)(ఎ) కింద పరిశోధనతో సహా సొంత వినియోగానికి న్యాయబద్ధమైన మేరకు వాడుకోవచ్చు. 52(1)(ఓ) ప్రకారం, భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి, వాణిజ్యేతర పబ్లిక్ లైబ్రరీ బాధ్యుడి ఆధ్వర్యంలో, లైబ్రరీ వినియోగానికి మూడుకు మించకుండా ప్రతులు తీసుకోవచ్చు. 52(1)(ఎన్) కింద అలాంటి లైబ్రరీ తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు.

గడువు లెక్క కూడా రావాలి. రచయిత మరణించిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు. 1960లో మరణించినవారి రచనల మీద హక్కు 2020 చివరితో ముగిసింది. పాత తెలుగు పుస్తకాల విషయంలో ఈ ఒక్క లెక్కతో చాలా సందేహాలు తీరిపోతాయి. అయితే తర్వాత చేర్చిన పీఠికలకు, వ్యాఖ్యానాలకు గడువు వేరుగా ఉంటుంది.

ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు బోధన కోసం చేసే కాపీలకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు కోర్సు ప్యాకులకు (పాఠాల కోసం అధ్యాయాలు కలిపి చేసే జిరాక్స్ కట్టలకు) సంబంధించినది. ఐఎల్‌ఎల్ మొత్తానికి దాన్ని గొడుగుగా పట్టుకోకండి.

ఈ-జర్నల్స్‌కు చట్టం కంటే ముందు లైసెన్సు ఒప్పందం చూడాలి. అందులో ఐఎల్‌ఎల్ గురించి ఒక క్లాజు ఉంటుంది. కొందరు పీడీఎఫ్ పంపనిస్తారు, కొందరు ప్రింట్ తీసి స్కాన్ చేసి పంపమంటారు, కొందరు అసలు కుదరదంటారు. ప్రతి ప్రచురణకర్త పక్కన ‘సరే’ లేదా ‘వద్దు’ అని ఒక పట్టిక చేసుకుంటే ప్రతిసారీ టెన్షన్ పడక్కర్లేదు.

5. రెండు ఊళ్ల మధ్య చిన్న ఒప్పందం

విజయవాడకూ గుంటూరుకూ మధ్య గంట ప్రయాణం. దారిలోనే నాగార్జున విశ్వవిద్యాలయం. రోజూ ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు ఉద్యోగాలకు తిరుగుతూనే ఉంటారు. ఇంత దగ్గరగా ఇన్ని లైబ్రరీలు ఉండి కూడా ఒకదానిలోని పుస్తకం ఇంకోదానికి చేరకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలోనే అయ్యంకి వెంకట రమణయ్య గారి కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1930ల్లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో ఊరూరికీ పుస్తకాలు చేర్చారు. అదే కాలువల పక్కన మనం ఇప్పుడు బైకుల మీద తిరుగుతున్నాం.

పెద్ద కన్సార్షియం కలలు వద్దు. మీకు పరిచయం ఉన్న నాలుగైదు లైబ్రరీలతో మొదలుపెట్టండి. ఒకే రకమైనవి కాకుండా చూసుకోండి. ఒక ఇంజినీరింగ్ కాలేజీ, ఒక పాత ఆర్ట్స్ కాలేజీ, ఒక పబ్లిక్ లైబ్రరీ, వీలైతే ఒక వృత్తివిద్యా సంస్థ. గుంటూరు దగ్గర లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, విజయవాడలో ప్లానింగ్, ఆర్కిటెక్చర్ స్కూల్ ఉంది. మీ దగ్గర లేనివి వాళ్ల దగ్గర ఉంటాయి.

ఒప్పందం ఒకటి రెండు పేజీల్లో ఉండాలి, ప్రిన్సిపాళ్లు చదవకుండా పక్కన పెట్టేంత పెద్దదిగా ఉండకూడదు. అందులో తేల్చాల్సినవి: ఒకేసారి ఎన్ని పుస్తకాలు, ఎన్ని రోజులు, ఏవి ఇవ్వరు, పోతే ఎవరు కడతారు, సంతకం చేసే బాధ్యులు ఎవరు. పోయిన పుస్తకం విషయంలో అంతర్జాతీయంగా నడిచే పద్ధతినే పెట్టుకోండి. పుస్తకం ఇచ్చిన లైబ్రరీ గడప దాటినప్పటి నుంచి తిరిగి చేరేదాకా బాధ్యత అడిగిన లైబ్రరీదే. పాఠకుడు పోగొట్టినా, దారిలో తడిసినా మనమే కట్టాలి. ఈ షరతు స్పష్టంగా ఉంటే ఇచ్చేవాళ్లకు ధైర్యం వస్తుంది. ‘అదే పుస్తకం కొనివ్వాలి, దొరక్కపోతే ఇంత మొత్తం’ అని రాసుకోండి.

వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి, ‘ఈ పుస్తకం ఎవరి దగ్గరుంది’ అని అడగడానికి అంతకంటే వేగమైనది లేదు. కానీ లావాదేవీ మాత్రం రిజిస్టరులోకో సాఫ్ట్‌వేర్‌లోకో ఎక్కాలి. గ్రూపులో ‘పంపాను మేడమ్’ అన్న మెసేజ్ స్టాక్ వెరిఫికేషన్‌లో పనికిరాదు.

జిల్లా గ్రంథాలయ సంస్థల్ని మరచిపోకండి. 1960 నాటి పబ్లిక్ లైబ్రరీల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సుగా పోతుంది. ఆ పుస్తకాలు మన డబ్బుతో కొన్నవే, విద్యార్థుల తరఫున గౌరవంగా అడగవచ్చు.

6. పంపడం, తెప్పించడం

పుస్తకం చేతికి రాగానే ఫోన్‌తో టైటిల్ పేజీ, అట్ట, ఇప్పటికే చిరిగిన పేజీలు ఫోటో తీయండి. వెళ్లేటప్పుడు మళ్లీ తీయండి. రేపు వాదన వస్తే ఇవే ఆధారం. గడువు తేదీ స్లిప్పును పుస్తకానికి అతికించకండి, అట్ట చుట్టూ కాగితం పట్టీలా చుట్టి పిన్ను లేకుండా మడవండి.

పోస్టులో పంపాలంటే ముందు ప్లాస్టిక్ కవర్, దానిపైన రెండువైపులా గట్టి అట్టముక్కలు, మూలలకు మడిచిన కాగితం, ఆపైన కవర్. మన వానల్లో ప్లాస్టిక్ కవర్ లేని పుస్తకం క్షేమంగా చేరిందంటే అదృష్టమే. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఇప్పుడు లేదు. 2025 మే 1 నుంచి తపాలా శాఖ ‘జ్ఞాన్ పోస్ట్’ మొదలుపెట్టింది. విద్యా, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాలకు 300 గ్రాముల వరకు 20 రూపాయలు, గరిష్ఠంగా 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. రోడ్డు, రైలు మార్గాన వెళ్తుంది కాబట్టి కాస్త ఆలస్యం అవుతుంది, ట్రాకింగ్ మాత్రం ఉంటుంది. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో, ప్రచురణకర్త పేరో ఉండాలి. వాణిజ్య ప్రకటనలతో నిండినవాటిని తీసుకోరు.

స్కాన్ పంపేటప్పుడు 300 డీపీఐ చాలు. వ్యాసంతో పాటు ఆ సంచిక విషయసూచిక పేజీ కూడా కలపండి, లేకపోతే అందుకున్న విద్యార్థి రిఫరెన్సు ఎలా రాస్తాడు? బైండింగ్ వైపు అక్షరాలు కనపడుతున్నాయో లేదో, పేజీ నంబర్లు కోసుకుపోయాయేమో చూడండి. ఫోన్‌తో తీస్తే ట్యూబ్‌లైట్ కింద మీ చేతి నీడ పడుతుంది, కిటికీ పక్కన కూర్చుని తీయండి. వాల్యూమ్‌ను బలవంతంగా పూర్తిగా తెరవకండి. పాత కుట్టు ఒకసారి తెగితే మళ్లీ బైండింగే.

7. రిజిస్టరు, లెక్కలు

ప్రతి రిక్వెస్టుకూ నమోదు ఉండాలి, దొరకనివాటికి మరీ ముఖ్యంగా. వచ్చిన తేదీ, పంపిన చోటు, జవాబు వచ్చిన తేదీ, దొరికిందా లేదా, దొరక్కపోతే కారణం. ఏడాది చివర రెండు లెక్కలు తీయండి: నూటికి ఎన్ని దొరికాయి, సగటున ఎన్ని రోజులు పట్టింది. అడిగిన ఒకే పుస్తకం మూడుసార్లు కనపడితే అది కొనాల్సిన పుస్తకం. పర్చేజ్ కమిటీలో ఆ పేజీ తెరిచి చూపిస్తే వాదన అక్కర్లేదు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ తనిఖీకి కూడా ఇదే పనికొస్తుంది.

పుస్తకం తిరిగొచ్చాక పాఠకుడి పేరు, ఫోన్ నంబరు చెరిపేసి, మిగతా వివరాలు ఉంచండి. ఎవరు ఏం చదువుతున్నారో ఊరికి తెలియాల్సిన పని లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాదకు మించిన విషయం.

8. చదువు, శిక్షణ

పుస్తకాల పని చేస్తూనే ఏడాదికి ఒక్క విషయం లోతుగా నేర్చుకోండి. ఒకేసారి అన్నీ మొదలుపెడితే ఏదీ పూర్తికాదు.

నన్నడిగితే మొదటి ఏడాది కోహాకే. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న లైబ్రరీ సముదాయం కోసం 1999లో తయారైన ఈ ఓపెన్‌సోర్స్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ మన కాలేజీల్లో చాలాచోట్ల ఉంది. అందులో ఐఎల్‌ఎల్ మాడ్యూల్ ఉంటుంది, సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో ఆన్ చేసి అమర్చుకోవాలి. దాన్ని తెరిచి చూసినవాళ్లు తక్కువ. కాలేజీ సర్వర్ మీద ప్రయోగాలు వద్దు, పాత ల్యాప్‌టాప్ మీద ఉబుంటు వేసి అక్కడ నేర్చుకోండి. చెడినా మళ్లీ ఎక్కించుకోవచ్చు. మార్క్ 21 (కేటలాగు వివరాలు ఎక్కించే ప్రమాణం) రికార్డులో తెలుగు లిపిని సరిగా ఎక్కించడం కూడా ఇదే ల్యాప్‌టాప్ మీద సాధన చేయండి. పై మూడో అడుగులో చెప్పిన వెతుకులాట బాధ మన తర్వాతివాళ్లకు తగ్గేది అలాగే.

తర్వాత కాపీరైట్, లైసెన్సులు. ఆ తర్వాత లైబ్రరీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా వాళ్ల రిసోర్స్ షేరింగ్ (వనరులు పంచుకోవడం) మార్గదర్శకాలు. 1954లో మొదటిసారి రూపొంది, చాలాసార్లు సవరించిన చిన్న పత్రం అది, ఒక మధ్యాహ్నంలో చదివేయవచ్చు.

పదోన్నతి కోసం కావాల్సిన రిఫ్రెషర్ కోర్సులకు ఆన్‌లైన్‌లో స్వయం వేదిక, అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే మాలవీయ మిషన్ కేంద్రాలు ఉన్నాయి. ఎంఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ పీజీ) అయ్యాక యూజీసీ నెట్ రాయనివారు అందులో 59వ నంబరు సబ్జెక్టు, లైబ్రరీ సైన్స్ పాత సిలబస్ ఒకసారి తిరగేయండి, రిసోర్స్ షేరింగ్, నెట్‌వర్కులు అందులో భాగమే. సమావేశాల్లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల కాలిబర్, డెల్‌నెట్ వాళ్ల నాక్లిన్ చూడదగ్గవి. వెళ్తే సర్టిఫికెట్ తీసుకుని వచ్చేయకండి, మీ రిజిస్టరులోని లెక్కలతో ఒక పేపర్ పట్టుకెళ్లండి. విజయవాడ, గుంటూరు మధ్య పుస్తకాలు ఎలా తిరిగాయో చెప్పే నిజమైన లెక్కల పేపర్‌కు, పుస్తకాల్లోంచి ఎత్తిరాసిన ఇరవై పేజీల కంటే విలువ ఎక్కువ.

మెయిల్ రాయడం కూడా ఒక శిక్షణే. చిన్నది, పూర్తి వివరాలతో, కృతజ్ఞత చెప్పేది. నమూనాలు రెండు భాషల్లో రాసి పెట్టుకోండి.

9. రాబోయే రోజుల్లో

కొన్ని మార్పులు ఇప్పటికే గుమ్మంలో ఉన్నాయి. లైబ్రరీ సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి నేరుగా రిక్వెస్టులు మార్చుకునే ఐఎస్ఓ 18626 ప్రమాణం 2014లో వచ్చి, సవరణలు పొందుతూ విదేశాల్లో పాతుకుంటోంది. కొత్త సాఫ్ట్‌వేర్ కొనే కమిటీలో కూర్చుంటే ‘ఇది దాన్ని పాటిస్తుందా’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో అమ్మకందారుడి సత్తా తెలుస్తుంది.

వేగం విషయంలో అమెరికా అనుభవం ఒకటి మనకు దగ్గరగా ఉంటుంది. 1997 జులైలో వరదకు కొలరాడో స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీలో లక్షల సంపుటాలు నీట మునిగాయి. పోయిన జర్నల్స్‌లోని వ్యాసాలను తోటి లైబ్రరీల నుంచి వెంటనే తెప్పించుకోవడానికి వాళ్లు కట్టుకున్న ఏర్పాటే తర్వాత ర్యాపిడ్‌ఐఎల్‌ఎల్ అయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లలో, స్కూళ్లలో పుస్తకాలు ఏమయ్యాయో మనం కళ్లారా చూశాం. ఎవరి దగ్గర ఏ అరుదైన సంపుటం ఉందో ఒక ఉమ్మడి జాబితా, కింది అరల్లో అరుదైనవి పెట్టకూడదన్న నియమం, మన నాలుగైదు లైబ్రరీల ఒప్పందంలో ఈ రెండూ చేర్చండి.

డిజిటల్ మీదే పూర్తిగా ఆధారపడటం కూడా మంచిది కాదు. 2023 అక్టోబరులో సైబర్ దాడి తర్వాత బ్రిటిష్ లైబ్రరీ సేవలు నెలల తరబడి దెబ్బతిన్నాయి. మీ రిజిస్టరుకు బ్యాకప్ వేరే చోట ఉంచండి. ఉన్న అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి, ఒక్కరికి ఒక్క ప్రతి చొప్పున డిజిటల్‌గా అరువిచ్చే పద్ధతి మీద చాలామంది ఆశలు పెట్టుకున్నారు. ఆ పద్ధతి మీదే నడిచిన ఇంటర్నెట్ ఆర్కైవ్ కేసులో 2024 సెప్టెంబరులో అమెరికా అప్పీలు కోర్టు ప్రచురణకర్తల వైపే తీర్పు ఇచ్చింది. మన చట్టం వేరు, అయినా హక్కులు ఉన్న పుస్తకాలతో ఆ దారి పట్టకండి. గడువు ముగిసిన తెలుగు పుస్తకాలు కావాల్సినన్ని ఉన్నాయి, ముందు వాటిని స్కాన్ చేద్దాం. స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని గుర్తించే తెలుగు ఓసీఆర్ బాగా మెరుగైంది, కానీ పాత అచ్చులో అరసున్న, బండి ‘ఱ’ వచ్చేసరికి తడబడుతుంది. మనిషి కంటితో దిద్దే పని ఇంకా చాలాకాలం ఉంటుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే మార్పు చూపు లేని పాఠకుల విషయంలో వచ్చింది. చూపు లేనివారు చదవగలిగే ప్రతులు తయారుచేసి పంచుకోనిచ్చే 2013 మరాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు 2014లో ఆమోదించిన దేశం మనదే. కాపీరైట్ చట్టం 52(1)(జెడ్‌బీ) కింద దివ్యాంగుల కోసం చదవగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ్‌లో అలాంటి పుస్తకాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అర్హులైన విద్యార్థుల్ని అందులో నమోదు చేయించండి. అక్కడ లేని తెలుగు పాఠ్యపుస్తకాన్ని మన నాలుగైదు లైబ్రరీలు తలా కొన్ని అధ్యాయాలు పంచుకుని ఆడియోగానో, దిద్దిన యూనికోడ్ ఫైలుగానో తయారుచేయవచ్చు. ఈ వారం మీ రిక్వెస్టు ఫారం మళ్లీ ముద్రించేటప్పుడు ‘ఏ రూపంలో కావాలి’ అనే గడి చేర్చి, దాని కింద అచ్చు, స్కాన్, పెద్ద అక్షరాలు, బ్రెయిల్, ఆడియో అని ఐదు ఎంపికలు ఇవ్వండి.